దేశదిమ్మరి నరం

క్లాసులో పద్యం చదువుతూండగా, మూడో బెంచీ చివర కూర్చున్న అమ్మాయి ఎడమ చెవిలో తీగ ఒకటి కనిపించింది. చెవిలో తీగలు పెట్టుకుని పాఠం వినే పిల్లలు ఈ రోజుల్లో కొత్తేమీ కాదు. కాని నేను రాగం ఎత్తుకున్న సమయంలోనే ఆ పిల్ల వేరే పాట వింటున్నదంటే, నా గాత్రానికే అవమానం జరిగినట్టనిపించింది.

"చెవిలోది తీసెయ్యమ్మా! ఏం పాట వింటున్నావేమిటి?" అన్నాను.

"పాట కాదు మాస్టారూ, మెడనొప్పికి కరెంటండి" అంది.

క్లాసంతా గొల్లుమంది. చెవిలో పువ్వులు పెట్టడం విన్నానే గాని, చెవిలో కరెంటు పెట్టడం వినడం నాకదే మొదలు.

ఆ అమ్మాయిది విజయనగరం పక్క పల్లె. బరువులెత్తుతుంది. మా వైపు ఇదేమీ వింత కాదు. శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సు నుంచి కంచు పతకం తెచ్చిన తరువాత, ఆడపిల్ల ఇనపకడ్డీ పట్టుకుంటే ముక్కుమీద వేలేసుకోవడం జనం మానేశారు. యూనివర్సిటీ జట్టు ఎంపికకు ఇంకా ఇరవై రోజులుంది. రెండు నెలలుగా ఈ పిల్లకు మెడ పట్టేసి, కుడి భుజం మీదకు లాగుతోంది. తైలాలూ ఉప్పు కాపడాలూ అయిపోయాక, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న అన్నగారు పాతికవేలు పోసి ఈ యంత్రం కొని పంపాడట.

"ఇది పెట్టుకుంటే హాయిగా వుంటోంది మాస్టారూ. సాయంత్రం మళ్ళీ ఎత్తేస్తున్నాను" అంది. ఆ "ఎత్తేస్తున్నాను" అన్న మాట మాత్రం నాకు రుచించలేదు.

తెలుగు మేష్టరుకు చెవులంటే మెలిపెట్టడానికి పనికొస్తాయని తప్ప ఇంకేం తెలుసు? స్టాఫ్ రూములో మా జంతుశాస్త్రం లెక్చరరుగారిని పట్టుకున్నాను. ఆయన నవ్వి కొట్టిపారేస్తాడనుకుంటే, టీ గ్లాసు పక్కన పెట్టి కాగితం మీద బొమ్మ వెయ్యడం మొదలుపెట్టాడు.

మెదడు నుంచి పన్నెండు జతల నరాలు బయలుదేరుతాయి. వాటిలో పదో జత పేరు వేగస్. లాటిన్ భాషలో ఆ మాటకు తిరుగుబోతు అని అర్థం. నేనైతే "దేశదిమ్మరి" అంటాను. తక్కిన నరాలు చాలామటుకు కంటికో, ముక్కుకో, నాలుక్కో అంటిపెట్టుకుని గుట్టుగా కాపురం చేసుకుంటూంటే, ఇది మాత్రం మెడ దిగి, గుండెను పలకరించి, ఊపిరితిత్తులు చూసుకుని, జీర్ణకోశం మీదుగా పేగుల దాకా పోతుంది. గుండె వేగం తగ్గించడం, తిన్నది అరిగించడం, ఒంటికి విశ్రాంతినివ్వడం దీని పనులు.

గుండెను ఇది ఎలా నెమ్మదింపజేస్తుందో కనిపెట్టిన కథ చాలా సొగసైనది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోవీ అనే శాస్త్రజ్ఞుడికి ఒక రాత్రి కలలో ప్రయోగం తట్టిందట. లేచి కాగితం మీద గీసి పడుకున్నాడు. తెల్లవారి చూసుకుంటే తన రాత తనకే అర్థం కాలేదు! (మా విద్యార్థుల పరీక్ష కాగితాలు దిద్దిన వారెవరికైనా ఈ బాధ తెలుస్తుంది.) మరునాటి రాత్రి అదే కల మళ్ళీ వచ్చింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా తిన్నగా ప్రయోగశాలకు పోయాడు. ఒక కప్ప గుండెకు వున్న వేగస్ నరాన్ని విద్యుత్తుతో రేపితే ఆ గుండె నెమ్మదించింది. దాన్ని నానబెట్టిన ద్రవాన్ని ఇంకో కప్ప గుండె మీద పోస్తే, ఎవరూ ముట్టుకోని ఆ గుండె కూడా నెమ్మదించింది. నరం ఏదో రసాన్ని వదులుతుందన్నమాట. 1921లో ప్రకటించిన ఈ సంగతికి 1936లో నోబెల్ బహుమానం వచ్చింది.

కప్పలనుంచి మనుషుల దగ్గరకు రావడానికి చాలా కాలం పట్టింది. మందులకు లొంగని మూర్ఛరోగానికి, రొమ్ము పైభాగాన చర్మం కింద చిన్న యంత్రం అమర్చి, దాని తీగను మెడలోని వేగస్ నరానికి చుట్టే చికిత్స 1988లో అమెరికాలో మొదటిసారి చేశారు. 1997లో అక్కడి ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. కాని మెడ కోయించుకోవాలంటే ఎవరికి మాత్రం భయం వుండదు? కొయ్యకుండా ఈ నరాన్ని అందుకునే దారి ఎక్కడైనా వుందా అని వెతికారు. దొరికింది, చెవిలో!

ఇంత తిరిగే నరం చర్మం పైకి తొంగిచూసేది ఆ ఒక్కచోటే. చెవి గులిమి తీసుకుంటూంటే కొందరికి ఉన్నట్టుండి దగ్గు రావడం మీరు చూసేవుంటారు. చెవిలో పుల్ల పెడితే గొంతులో దగ్గేమిటి? ఈ నరానికి చెవిలోనూ గొంతులోనూ కూడా కొమ్మలుండడమే కారణం. చెవిలోని కొమ్మకు ఆర్నాల్డ్ అనే జర్మను శరీరశాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. చెవి రంధ్రానికి కొంచెం పైగా, డొప్ప లోపల చిన్న గుంట ఒకటుంటుంది. ఆ గుంటకు ఈ నరం ఒక్కటే దిక్కని, జర్మనీలో ఇద్దరు పండితులు ఏడు మృతదేహాల చెవులు కోసి చూసి 2002లో రాశారు. ఇవాళ అంగళ్ళలోకి వచ్చిన యంత్రాలు చాలామటుకు ఆ ఏడుగురి చెవుల మీదనే నిలబడివున్నాయంటే అతిశయోక్తి కాదు.

మన గుంజీలు కూడా ఇదేనండీ అని ఎవరైనా అనబోతే ఒక్క మాట. గుంజీలు తీసేటప్పుడు మనం పట్టుకునేది చెవితమ్మెను. తమ్మెకు వచ్చేది వేగస్ కాదు, మెడ వెన్నుపూసల మధ్యనుంచి పైకి పాకే వేరే నరం.

ఈ తమ్మె సంగతి చిన్నది కాదు. యంత్రం నిజంగా పనిచేస్తుందా, లేక నమ్మకమే నొప్పి తగ్గిస్తోందా అని తేల్చడానికి, కొందరికి గుంటలోనూ కొందరికి తమ్మె మీదా కరెంటు పెట్టి చూస్తారు. తమ్మె మీద పెట్టింది ఉత్తుత్తి చికిత్స అని లెక్క. కాని పరీక్షిస్తున్నది మెడనొప్పి అయినప్పుడు, సాక్షాత్తూ మెడ నరాన్నే ముట్టుకుని దాన్ని ఉత్తుత్తిది అనుకోవడం ఎంతవరకు సబబు? ఈ ప్రశ్న నేనడిగితే మా లెక్చరరుగారు గడ్డం గోక్కుని, "మీరు సైన్సు చదవాల్సిందండీ" అన్నారు. నా జీవితంలో అందుకున్న బిరుదులలో దాన్ని కూడా వేసుకున్నాను.

ఆయన తేల్చిన సారాంశం ఇది. సెకండుకు పాతికసార్లు చొప్పున, చుర్రుమనకుండా జివ్వుమనేంత సన్నని ప్రవాహం పంపుతారు. మనసు కుదుటపడవచ్చు. నొప్పి పదింట ఏడనిపించేది అయిదనిపించవచ్చు. క్రీడాకారుల మెడనొప్పి మీద మాత్రం జరిగిన పరీక్షలు చిన్నవి, కొద్దిమంది మీద కొద్దిరోజులు చేసినవి. అమ్మేవాళ్ళు ఇంకో వాదం కూడా చేస్తారు. భుజాలు ఎగరేసే పెద్ద కండరానికి ఆజ్ఞలిచ్చే పదకొండో నరం, ఈ పదో నరం పుర్రెలో ఒకే రంధ్రంలోనుంచి పక్కపక్కనే దిగుతాయి కాబట్టి, ఇది శాంతిస్తే అదీ శాంతిస్తుందట. పక్కపక్క వాటాల్లో అద్దెకున్నంత మాత్రాన ఒక ఇంట్లో వంట చేస్తే రెండో ఇంట్లో కడుపు నిండుతుందా?

"అదంతా అలా వుంచండి. ఆ పిల్లకు చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయేమో ఒకసారి అడగండి" అన్నారాయన చివరికి.

మర్నాడు అడిగాను. "బొటనవేలూ చూపుడువేలూ కొంచెం మొద్దుబారాయండి. కడ్డీ పట్టి పట్టి అలాగయ్యాయి" అంది, అదొక లెక్కలోది కానట్టు.

ఆ సాయంత్రమే తండ్రికి కబురుచేసి, ముగ్గురం ఎముకల డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాం. ఆయన ఆమె తలను అటూ ఇటూ వంచి చూశారు, మోచేతి దగ్గర చిన్న సుత్తితో తట్టారు, స్కానింగు తీయించారు. మెడలో అయిదో ఎముకకూ ఆరో ఎముకకూ మధ్య దిండులా వుండే మెత్త పక్కకు ఉబ్బి, బొటనవేలి వైపు వెళ్ళే నరాన్ని వత్తుతోంది.

"మెడ కేకలు వేస్తోంటే నువ్వు చెవికి జోలపాట పాడుతున్నావమ్మా! ఇంకో నెల ఇలాగే ఎత్తివుంటే చెయ్యి పట్టు తప్పేది" అన్నారు.

ఆపరేషను అక్కరలేదన్నారు. ఇలాంటివి చాలామందికి కొద్ది వారాల్లో సర్దుకుంటాయట. తలపైకి బరువులెత్తడం మాత్రం పూర్తిగా మానాలి. అంటే ఎంపికకు వెళ్ళడానికి వీల్లేదు. అమ్మాయి గోడవైపు తిరిగి నిలబడింది. తండ్రి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "యంత్రం మరి పారెయ్యమంటారా బాబూ?" అన్నాడు. పాతికవేలు పారెయ్యడం మాటలా?

పారెయ్యనక్కరలేదన్నారు డాక్టరుగారు. గుండె లయలో తేడా వున్నవాళ్ళూ, గుండెకు యంత్రం అమర్చుకున్నవాళ్ళూ, గర్భిణులూ దాని జోలికి పోకూడదు. ఈ పిల్లకు అవేమీ లేవు కాబట్టి, రాత్రి పడుకునే ముందు అరగంట పెట్టుకుంటే అభ్యంతరం లేదు. అది పెట్టుకుని బరువులు మాత్రం ఎత్తకూడదు. నరం వత్తిడి తగ్గాక చెయ్యడానికి రబ్బరు పట్టీతో మెడకూ భుజాలకూ కసరత్తు రాసి ఇచ్చారు. డెన్మార్కులో మెడా భుజాలూ నొప్పెట్టే 198 మంది ఆఫీసు ఉద్యోగుల మీద చేసి 2011లో ప్రచురించిన పరీక్షలో, పది వారాలపాటు రోజుకు రెండే నిమిషాలు ఇలాంటి పట్టీ లాగినవాళ్ళకు కూడా నొప్పి తగ్గిందట. ఆ ఉద్యోగులు బరువులెత్తేవాళ్ళు కారు, నిజమే. కాని ఆ పట్టీ ఖరీదు యంత్రం ఖరీదులో వందోవంతు వుండదు.

పది వారాలు గడిచాయి. వేళ్ళకు స్పర్శ వచ్చింది. కిందటి సోమవారం ఆటస్థలం పక్కగా వెళ్తూ చూశాను. ఖాళీ కడ్డీ, పదిహేను కిలోలది, నడుముదాకా ఎత్తి దించుతోంది. తలపైకి ఇంకా అనుమతి రాలేదట.

"మాస్టారూ, రాత్రి అది పెట్టుకుంటే నిద్ర బాగా పడుతోందండి. మీరూ ఒకసారి చూస్తారా?" అంది.

నా గుండె సంగతి డాక్టరుగారినే అడిగి తెలుసుకుని, యంత్రం ఇంటికి పట్టుకొచ్చాను. పడకకుర్చీలో వాలి ఎడమ చెవి గుంటలో పెట్టుకున్నాను. చీమ పాకినట్టు జివ్వుమంది. మెడనొప్పి నాకు లేదు కనక అది తగ్గిందో లేదో చెప్పలేను. కళ్ళు మూతలు పడుతూండగా మా ఆవిడ వంటింట్లోనుంచి వచ్చి, నా చెవివైపు చూసి, "ఏం పాటండీ?" అంది.