సైకిల్ మీద ఒంటరిగా ఒక రోజు: నారాయణఖేడ్ దారి లెక్క

సైకిల్ మీద దూరాలు పోయేవాళ్ళను చూడగానే ఎవరికైనా కాళ్ళ బలమే గుర్తొస్తుంది. ఒంటరిగా పోయేవాళ్ళకు అంతకన్నా అక్కరకొచ్చేది ముందుచూపు. ఆకలి కాకముందే తినాలి, ఎక్కుడు రాకముందే గేరు మార్చాలి, చీకటి పడకముందే ఆగాలి. ఇది ఎలా సాగుతుందో తెలియాలంటే ఒక దారి పట్టుకుని చూడాలి. సంగారెడ్డి నుంచి నారాయణఖేడ్ మీదుగా బీదర్ వరకు, చలికాలంలో ఒక రోజు ప్రయాణం అనుకుందాం.

161వ నంబరు జాతీయ రహదారి మీద జోగిపేట, పెద్దశంకరంపేట దాటి నిజాంపేట దగ్గర పక్కకు తిరిగితే నారాయణఖేడ్ వస్తుంది. అక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. బీదర్‌కు ఇంకో 40. మంజీర ఈ ప్రాంతాన్ని చుట్టుకుని పారుతుంది. కర్ణాటక వైపు నుంచి వచ్చి, సింగూరు దాటాక క్రమంగా ఉత్తరానికి మళ్ళి, నిజాంసాగర్ దిక్కు పోతుంది. అందువల్ల ఒకే నదిని రోజులో రెండుసార్లు దాటుతాం. పొద్దున జోగిపేట రాకముందు ఒకసారి, సాయంత్రం బీదర్ చేరే ముందు మరోసారి. బీదర్ ఉన్నది సుమారు 700 మీటర్ల ఎత్తున, పీఠభూమి అంచున. అంటే రోజులో గట్టి ఎక్కుడు ఆఖరున, ఒళ్ళు అలసిన వేళ వస్తుంది.

అలాంటప్పుడు బీదర్‌లోనే బయలుదేరి ఇటు రావచ్చు కదా? ఇక్కడే గాలి లెక్క వస్తుంది. చలికాలంలో మన వైపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి, తూర్పు నుంచి వీస్తుంది. నారాయణఖేడ్‌కు బీదర్ నైరుతి దిక్కున ఉంది. కాబట్టి అటు పోయేవాళ్ళకు గాలి వీపు మీద తగులుతుంది, ఇటు వచ్చేవాళ్ళకు ముఖాన కొడుతుంది. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, వర్గంలా పెరుగుతుంది. గాలి లేనప్పుడు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాళ్ళకు ఎదురుగా 15 కిలోమీటర్ల గాలి వీస్తే, అదే వేగం నిలబెట్టుకోవాలంటే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. గుంపులో ఉంటే ముందువాళ్ళ చాటున పోవచ్చు. ఒంటరికి ఆ చాటు లేదు. అందుకే దిక్కును ఎంచుకోవడం ఇంట్లో ఉండగానే జరగాలి. నైరుతి రుతుపవనాల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు బీదర్ నుంచి రావడమే తేలిక.

ఇక తిండి. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే పిండిపదార్థం 400 నుంచి 500 గ్రాములే. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లో చాలావరకు కరిగిపోతుంది. ఆ తర్వాత కాళ్ళు ఒక్కసారిగా మొరాయిస్తాయి, అప్పుడు తిన్నా తేరుకోవడానికి సమయం పడుతుంది. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందుతూ ఉంటే ఆ గతి పట్టదు. ఒక అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది. రెండు అరటిపండ్లు, లేదంటే ఒక పండు, ఒక పల్లీపట్టి గంటకు సరిపోతాయి. జొన్నరొట్టె, పప్పు లాంటి నిండు భోజనం మధ్యాహ్నం ఆగినప్పుడే మేలు. నీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగాలి. చెమటలో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రమాదం. లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి ఒక సీసా ఉంచుకుంటే చాలు.

ఇక మరమ్మతు. ఐర్లండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో ఒంటరిగా సైకిల్ మీద ఢిల్లీ దాకా వచ్చింది. అధ్వాన్నపు రోడ్ల మీద చెడిపోతాయని బయలుదేరే ముందే గేర్లు తీయించేసింది. దారిలో బాగుచేసుకోలేని వస్తువు వద్దనేది ఆమె లెక్క. ఇవాళ గేర్లు వదులుకోనక్కర్లేదు గానీ, సొంతంగా పంక్చర్ వేసుకోవడం మాత్రం రావాలి. రోడ్డు పక్క తుమ్మముళ్ళు ఎవరినీ వదలవు. ట్యూబు తీసే ముందు వాల్వు టైరుకు ఏ చోట ఉందో గుర్తు పెట్టుకోండి. ట్యూబులో గాలి నింపి చెంప దగ్గర తిప్పితే చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది. వాల్వు నుంచి అదే దూరంలో టైరు లోపల వేలితో నెమ్మదిగా తడిమితే విరిగిన ముల్లు మొన దొరుకుతుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్ళీ దిగిపోతుంది. ఈ వైపు పొలాల్లో నల్లరేగడి ఎక్కువ. వాన పడ్డాక తారు దిగి దాంట్లోకి పోతే మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బిగుసుకుని సైకిల్ కదలదు.

పొద్దున ఆరింటికి బయలుదేరి, గంటకు 15 కిలోమీటర్ల చొప్పున తొక్కుతూ, చాయ్‌కి కాసేపు ఆగినా పదకొండు, పదకొండున్నరకు నారాయణఖేడ్ చేరవచ్చు. ఆగడానికి సరైన చోటు అదే. హోటళ్ళు, సైకిల్ దుకాణం, ఆర్టీసీ బస్సులు అక్కడ దొరుకుతాయి. తర్వాత బీదర్ దాకా ఉన్నవి ఎక్కువగా చిన్న ఊళ్ళే. డిసెంబరులో సాయంత్రం ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది. మిగిలిన 40 కిలోమీటర్లకు ఎక్కుడుతో కలిపి మూడు గంటలు, ఒక పంక్చర్‌కు అరగంట వేసుకుంటే రెండు గంటలకల్లా కదలాలి.

ఒంటరి ప్రయాణంలో ‘ఇక చాలు’ అనే మనిషి పక్కన ఉండరు. అలసిన మనసు తనకు అనుకూలంగానే లెక్కలు వేస్తుంది. అందుకే ఆ మాట అనే గడియను కూడా ఇంట్లోనే రాసుకోవాలి. రెండింటికి కదలలేకపోతే ఆ పూటకు నారాయణఖేడ్‌లోనే మకాం. మిగిలింది మర్నాడు పొద్దున మూడు గంటల పని.