పరుగెత్తని ఒక్కడు

జెండా పడింది. రోడ్డుకు అవతల వరసగా నిలబడ్డ డ్రైవర్లంతా ఒక్క ఉదుటున తమ కార్ల వైపు పరుగు లంకించుకున్నారు. ఒక్కడు మాత్రం నడుస్తున్నాడు. బెల్జియం కుర్రాడు, 24 ఏళ్ల జాకీ ఇక్స్. అది 1969 జూన్ 14. ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటల రేసు మొదలవుతున్న క్షణం. ఏటా సాయంత్రం నాలుగింటికి మొదలయ్యే రేసును, మర్నాడు దేశాధ్యక్ష ఎన్నికలున్నాయని ఆ ఏడు రెండింటికే మొదలుపెట్టారు.

అతను సగం రోడ్డు దాటేసరికే ఇంజిన్లు గర్జించాయి. దూసుకొస్తున్న కారును తప్పించుకోవడానికి రెండంగలు గబగబా వేయాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ నడకే. నీలం రంగు ఫోర్డ్ జీటీ40 దగ్గరికొచ్చి, తలుపు తీసి, లోపల కూర్చున్నాడు. తలుపు సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాడు. సీటు బెల్టు పెట్టుకుని బిగించుకున్నాడు. అప్పటికి ముందున్న కార్లన్నీ వెళ్లిపోయాయి. అందరికంటే చివర బయల్దేరాడు.

అది నిరసన. నోరు విప్పకుండా, లక్షల మంది కళ్లెదుట చేసిన నిరసన.

పరుగెత్తి కారెక్కే ఆ పద్ధతి లె మాన్స్ పేరుతోనే ప్రసిద్ధం. చూడ్డానికి పండగే. పోర్షే కార్లలో తాళంచెవి ఎడమవైపు పెట్టింది ఈ పరుగు కోసమేనని ఇప్పటికీ చెప్పుకుంటారు, ఒక చేత్తో తాళం తిప్పుతూ రెండో చేత్తో గేరు వేసెయ్యొచ్చని. అయితే అంత తొందరలో బెల్టు పెట్టుకునేదెవరు? పెట్టుకుంటూ కూర్చుంటే పది కార్లు దాటిపోతాయి. అందుకే చాలామంది అలాగే బయల్దేరేవారు. అప్పట్లో దాదాపు ఆరు కిలోమీటర్లు తిన్నగా సాగిన ముల్సాన్ రోడ్డు మీదికి చేరాక, స్టీరింగును మోకాళ్లతో పట్టుకుని బెల్టు బిగించుకున్నవాళ్లూ ఉన్నారు. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో!

ఇక్స్ తలుపు దగ్గర అంత జాగ్రత్త పడటానికి కారణముంది. జీటీ40 ఎత్తు 40 అంగుళాలు, పేరులోని అంకె అదే. నిలబడిన మనిషికి నడుము దాకా వస్తుంది, అంతే. మనిషి దూరడానికి వీలుగా పైకప్పులో కొంత భాగం తలుపుతో పాటే తెరుచుకుంటుంది. 1968 రేసులో ఇక్స్ దేశస్థుడే అయిన విలీ మెరెస్ పరుగెత్తుకొచ్చి, ఇలాంటి కారులోనే కూర్చుని, హడావుడిలో తలుపు సరిగ్గా వెయ్యలేదు. మొదటి చుట్టులోనే, ముల్సాన్ రోడ్డు మీద మంచి వేగంలో ఉండగా అది ఊడి తెరుచుకుంది, కారు ప్రమాదానికి గురైంది. రెండు వారాలు కోమాలో ఉన్న మెరెస్ మళ్లీ రేసు నడపలేదు.

ఇక్స్ నడిచిన రోజున ఇంకా ఘోరం జరిగింది. జాన్ వుల్ఫ్ అనే బ్రిటిష్ డ్రైవరు సొంత డబ్బుతో కొనుక్కున్న కొత్త పోర్షే 917తో దిగాడు. ఆ ఏడాది ఆ కారు వేగం పెరిగితే అనుభవజ్ఞుల చేతికే లొంగేది కాదు. వుల్ఫ్‌తో కలిసి నడపాల్సిన డ్రైవరు సాధనలోనే భయపడి తప్పుకున్నాడు. వుల్ఫ్ బెల్టు పెట్టుకోకుండానే బయల్దేరాడు. మొదటి చుట్టు చివర్లో, మెజాన్ బ్లాంష్ దగ్గర కారు అదుపు తప్పింది. అతను బయటికి విసిరేసినట్టు పడి చనిపోయాడు. మండుతున్న ఇంధనపు ట్యాంకు వెనకొస్తున్న క్రిస్ ఏమన్ ఫెరారీకి తగిలి, అదీ అంటుకుంది. ఏమన్ ఎలాగో బయటపడ్డాడు.

మర్నాడు ఏం జరిగిందో రేసు అభిమానులు కథలుగా చెప్పుకుంటారు. చివర బయల్దేరిన ఇక్స్, జోడీ డ్రైవరు జాకీ ఆలివర్‌తో కలిసి దాదాపు 5,000 కిలోమీటర్లు నడిపి, ఆఖరి గంటంతా హాన్స్ హెర్మన్ పోర్షేతో నువ్వా నేనా అన్నట్టు పోరాడి గెలిచాడు. తేడా సుమారు 120 మీటర్లు. బెల్టుకు పోయిన సెకన్లు గెలుపుకేమీ అడ్డు రాలేదు. సోమవారం ప్యారిస్‌కు కారులో వెళ్తుంటే షార్త్ర్ పట్టణం దగ్గర మరో కారు అడ్డొచ్చింది. ఇక్స్ కారు స్తంభానికి గుద్దుకుని నుజ్జయింది. అతను బెల్టు విప్పుకుని కిందికి దిగాడు.

1970లో డ్రైవర్లను ముందే కార్లలో కూర్చోబెట్టి, బెల్టులు బిగించాకే జెండా ఊపారు. పరుగు ముగిసింది.

అసలు ఈ కథనం 2024 రేసులో సేఫ్టీ కారు మీద అభిమానులు పడ్డ గొడవ గురించి కావాల్సింది. ఆ గొడవ ఇది: రాత్రంతా వాన. నాలుగు గంటలకు పైగా కార్లన్నీ, ప్రమాదం ఉన్నప్పుడు వేగం తగ్గించి నడిపించే సేఫ్టీ కారు వెనకే మెల్లగా తిరిగాయి. ఆ ఏడాది వచ్చిన ప్రేక్షకులు 3,29,000 మంది. టెంట్లు వేసుకుని, తడుస్తూ, నిద్ర మానుకుని కూర్చున్నవాళ్లకు కడుపు మండింది. వానలో, చీకట్లో నడపగలగడమే కదా ఈ రేసు గొప్పదనం అన్నారు. ఆ బాధలో న్యాయముంది. రెండో పక్షం చెప్పేది ఇంకొకటి: ముందు కారు టైర్లు ఎగజిమ్మే నీటి తెరలో వెనక దీపమే కనబడదు. పైగా ఒకే రోడ్డు మీద మూడు తరగతుల కార్లు. నెమ్మదైన జీటీ3 కార్లలో రేసింగే వృత్తి కాని డ్రైవరు కూడా ఒకరు తప్పనిసరి. ఈ కథనం మొగ్గు రెండో పక్షం వైపే.

వాన, ఆపిన రేసు అనగానే ఈ కథలోకి ఇక్స్ మళ్లీ నడిచొస్తాడు. 1984 మొనాకో ఫార్ములా వన్ రేసుకు అధికారి అతనే. ముందున్న ప్రోస్ట్‌ను కుర్రాడు సెన్నా తరుముకొస్తున్న వేళ, కుండపోత చూసి ఎర్రజెండా ఊపించి రేసు ఆపేశాడు. ప్రోస్ట్ ఇంజిన్ తయారీ పోర్షేది, ఇక్స్ పోర్షే డ్రైవరు, ఇంకేముంది! ప్రోస్ట్‌ను గెలిపించడానికే ఆపాడన్న అనుమానం నలభై ఏళ్లయినా చల్లారలేదు. ఇంకో సంగతి. ఫార్ములా వన్‌లో జాకీ స్టువర్ట్ భద్రత కోసం ఉద్యమిస్తే ఇక్స్ కలిసిరాలేదు. ప్రమాదం ఆటలో భాగమనే నమ్మిన మనిషి, అక్కర్లేని ప్రమాదాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఆ తేడా పట్టుకున్నందుకే అతనంటే ఇష్టం.

చరిత్ర క్లుప్తంగా: 1923లో మొదలు. చుట్టు 13.626 కిలోమీటర్లు, అందులో చాలా భాగం మామూలు రోజుల్లో జనం తిరిగే రోడ్డే. 1955లో మెర్సిడెస్ కారు జనంలోకి దూసుకెళ్లి 80 మందికి పైగా చనిపోయినా రేసు ఆపలేదు. 1988లో ఒక కారు 405 కిలోమీటర్ల వేగం అందుకుంది. 1990లో ముల్సాన్ రోడ్డుకు రెండు వంపులు పెట్టారు.

2013లో డెన్మార్క్ డ్రైవరు అలన్ సిమన్సెన్ ఆస్టన్ మార్టిన్, రేసు మొదలైన పది నిమిషాలకే టెర్త్ర్ రూజ్ మలుపులో గార్డ్ రైలును గుద్దింది. రైలు వెనకే చెట్టు. సిమన్సెన్ దక్కలేదు. కుటుంబం కోరడంతో జట్టు మిగతా కార్లతో కొనసాగింది. ఆ ఏడు గెలిచిన టామ్ క్రిస్టెన్సెన్‌దీ డెన్మార్కే. కొన్ని నెలల ముందే తండ్రిని పోగొట్టుకున్న అతను, ఆయన కోసం దాచుకున్న తొమ్మిదో గెలుపును సిమన్సెన్‌కు అంకితమిచ్చాడు.

బాక్స్: మెడకు కాపు
ఇప్పుడు హెల్మెట్‌ను భుజాలకు కట్టే హాన్స్ పరికరం లేనిదే రేసులోకి రానివ్వరు. దాన్ని కనిపెట్టింది మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్. అడిగింది బావమరిది వరసైన రేసర్ జిమ్ డౌనింగ్, 1981లో తోటి రేసర్ చనిపోయాక. ఫార్ములా వన్ తప్పనిసరి చేసింది 2003లో.

బాక్స్: మన చందోక్
1999 లె మాన్స్ రేసులో పీటర్ డంబ్రెక్ నడుపుతున్న మెర్సిడెస్ గాల్లోకి లేచి, పల్టీలు కొట్టి చెట్ల మధ్య పడింది. అతను బతికాడు. 2012లో లె మాన్స్‌లో పోటీపడ్డ తొలి భారతీయుడు, చెన్నైకి చెందిన కరుణ్ చందోక్‌కు సహ డ్రైవర్లలో ఒకడు ఆ డంబ్రెకే. వాళ్ల కారు ఆరో స్థానంలో నిలిచింది.