మీకు తెలుసా? స్టాంపులో దాగిన రహస్య లెక్క!

ఇంట్లో కూర్చుని, కంప్యూటర్లో డబ్బు కట్టి, ప్రింటర్‌లోంచి స్టాంపు తీసుకోవచ్చని మీకు తెలుసా? ఇదేమీ నిన్నమొన్నటి సంగతి కాదండోయ్! అమెరికా తపాలా శాఖ 1999 ఆగస్టులోనే దీనికి పచ్చజెండా ఊపేసింది! క్యూలో నిలబడే పని లేదు, జిగురు తడిపే పని లేదు!

మరి ఎవరైనా దొంగ స్టాంపు ప్రింట్ చేసుకుంటే? అక్కడే ఉంది కిటుకు! కవరు మీది ఆ గళ్ల బార్‌కోడ్‌ని దగ్గరగా చూడండి. ఎంత కట్టారు, ఏ రోజు కట్టారు, ఏ మీటరు (స్టాంపు డబ్బు లెక్క చూసే పరికరం) మీద కట్టారు... అన్నీ అందులోనే! వాటికి తోడు ఓ డిజిటల్ సంతకం. డీఎస్‌ఏ పద్ధతిలో దాని పొడవు 40 బైట్లే! ఒక్క సెంటు అటూ ఇటూ చేశారా, సంతకం కలవదు. దొంగ దొరికిపోయినట్టే!

సరే, ఉన్నదున్నట్టు జిరాక్స్ తీస్తే? అదీ కుదరదు! ఏ రెండు ముద్రలూ ఒకేలా ఉండవు మరి! లక్ష కవర్లు పంపితే లక్ష వేర్వేరు ముద్రలు! ఒకసారి చూసిన ముద్రే మళ్లీ స్కానర్ కంట పడితే గుట్టు రట్టే!

మీటరు లోపల రెండు లెక్కలు నడుస్తాయని తెలుసా? ఖర్చయింది ఒకటి, మిగిలింది ఒకటి. అది పెరుగుతుంటే ఇది తరుగుతుంది. కొత్త మీటరులో 100 డాలర్లు వేశారనుకోండి. మళ్లీ నింపేదాకా ఆ రెండూ ఎప్పుడు కలిపినా అదే మొత్తం! తేడా వచ్చిందా, ఎవరో వేలు పెట్టినట్టే!

డబ్బు లెక్క దాచే చిన్న పెట్టెను పగలగొడితే? సంతకానికి వాడే రహస్య కీలు తమంతట తామే చెరిగిపోతాయి! ఇలాంటి పెట్టెలు ఎంత గట్టిగా ఉండాలో అమెరికా 1994లోనే ఓ ప్రమాణంగా రాసిపెట్టింది! కొన్ని కంపెనీలైతే ఇంట్లో పెట్టే పెట్టే వద్దన్నాయి. ఖజానా మొత్తం దూరాన ఉన్న సర్వర్లోనే!

ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే ఫోన్ లైను మీద, కవర్లకు తపాలా ముద్ర వేసే ఫ్రాంకింగ్ మెషిన్‌లో డబ్బు నింపుకున్నారంటే నమ్ముతారా? అదీ 1970ల చివర్లోనే! మెషిన్ మోసుకుని పోస్టాఫీసుకు పరుగెత్తే బాధ తప్పింది!

ప్రింటర్ కూడా లేదా? జర్మనీలో పెన్ను చాలు! 2020 చివర్లో అక్కడి తపాలా సంస్థ కొత్త పద్ధతి తెచ్చింది. యాప్‌లో డబ్బు కడితే ఓ కోడ్ ఇస్తారు. మొత్తం 8 అక్షరాలూ అంకెలూ! కవరు కుడివైపు పైమూలన చేత్తో రాసేస్తే అదే స్టాంపు!

ఇంకో మాట వింటే ఆశ్చర్యపోతారు! ఒక్కో స్టాంపుకు ఒక్కో గుర్తు అన్న ఆలోచన కంప్యూటర్లది కానే కాదు! ప్రపంచపు తొలి తపాలా బిళ్ల, బ్రిటన్ తెచ్చిన పెన్నీ బ్లాక్ కింది మూలల్లో రెండు అక్షరాలుంటాయి. ఒక్క షీటులో 240 బిళ్లలు, అన్నింటికీ వేర్వేరు అక్షరాల జతలే! దొంగ బిళ్లలు తయారుచేసేవాళ్లకు చుక్కలు చూపించాలని!

అదే బ్రిటన్ 2022లో మామూలు స్టాంపులకూ బార్‌కోడ్ తగిలించింది! ఒక్కోదానికీ ఒక్కో కోడ్! లండన్‌లోని మీవాళ్లు ఉత్తరం రాస్తే, ఆ స్టాంపు పక్కన ఓసారి చూడండి. అచ్చం అలాంటి కోడ్ లోకంలో మరోటి ఉండదు!