ఎల్లారెడ్డికి ఎన్ని నానోమీటర్లు?

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి ఎంత దూరం? ఎవరినడిగినా 'నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది' అని ఠక్కున చెబుతారు. అదే దూరాన్ని నానోమీటర్లలో చెప్పమంటే? లెక్కల్లో దిట్టలైన పిల్లలు కూడా కాసేపు తల గోక్కోవాల్సిందే!

నిజానికి అందులో బెదిరిపోవాల్సిందేమీ లేదు. నాలుగు మెట్లు దిగితే చాలు. కిలోమీటరుకు వెయ్యి మీటర్లు. మీటరుకు వెయ్యి మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు. మైక్రానుకు వెయ్యి నానోమీటర్లు. మెట్టుకు మూడు సున్నాల చొప్పున మొత్తం పన్నెండు. అంటే కిలోమీటరుకు లక్ష కోట్ల నానోమీటర్లన్నమాట. ఈ లెక్కన ఎల్లారెడ్డి దారి 40 లక్షల కోట్ల నానోమీటర్లు! తల వెంట్రుక మందం సుమారు 80 మైక్రాన్లు అనుకుంటే, దారి పొడవునా పక్కపక్కనే పేర్చడానికి 50 కోట్ల వెంట్రుకలు కావాలి.

చిల్లర సూత్రం

చాలామంది తడబడేది గుణించాలా, భాగించాలా అన్న దగ్గరే. వంద నోటును చిల్లర మారిస్తే చేతిలో నాణేలు పెరుగుతాయి, డబ్బు మాత్రం అంతే. దూరమూ అంతే. చిన్న ప్రమాణంలోకి వెళితే అంకె పెరగాలి, పెద్దదానిలోకి వెళితే తగ్గాలి. జవాబు అలా రాలేదంటే లెక్క తిరగబడినట్టే.

అడుగే కదా అనుకుంటే...

పొలం దగ్గర ఈ జాగ్రత్త మరింత అవసరం. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు... అంటే 1,089 చదరపు అడుగులు. అలాంటివి నలభై అయితే ఎకరం. రెండు వైపులా ఒక్కో అడుగు తగ్గితే మిగిలేది 1,024 చదరపు అడుగులే. ఏడు చదరపు గజాలకు పైగా పోయినట్టు! పొడవులో చిన్న తప్పు విస్తీర్ణంలో పెద్దదవుతుంది.

బీదర్ దగ్గర నాలుగు అంగుళాలు

కొలతలో ఎంత నిక్కచ్చిగా ఉండొచ్చో ఎల్లారెడ్డికి నైరుతి దిక్కున ఉన్న బీదర్ చూపించింది. 19వ శతాబ్దంలో దేశాన్ని కొలిచిన మహా సర్వేకు వెన్నెముక 78వ తూర్పు రేఖాంశం. ఎల్లారెడ్డి దాదాపు ఆ రేఖ మీదే ఉంటుంది. సర్వేవాళ్లు ఒక గీతను మాత్రమే నేల మీద కొలిచేవారు. అక్కడి నుంచి కోణాలు చూసుకుంటూ త్రిభుజాల లెక్కతో ముందుకు సాగేవారు. చివర మరో గీతను నేల మీద కొలిచి, లెక్క సరిపోయిందో లేదో చూసుకునేవారు.

మధ్య భారతంలోని సిరోంజ్ దగ్గర మొదలైన లెక్క 425 మైళ్లు దాటి బీదర్ చేరింది. 1841లో ఆండ్రూ వా అక్కడి గీతను ఇనుము, ఇత్తడి కలిపి చేసిన ప్రత్యేక కడ్డీలతో కొలిచారు. ఎండకు లోహం సాగినా కొలత మారకుండా చూసే ఏర్పాటది. గీత పొడవు 41,578 అడుగులు. లెక్కకూ కొలతకూ వచ్చిన తేడా సుమారు 4 అంగుళాలు! మన ప్రమాణాల్లోకి మారిస్తే పన్నెండున్నర కిలోమీటర్లకు పైగా ఉన్న గీతలో పది సెంటీమీటర్లు. కిలోమీటరుకు 8 మిల్లీమీటర్లు. కామారెడ్డి, ఎల్లారెడ్డి మధ్య దూరానికి వర్తింపజేస్తే అడుగుకు కాస్త ఎక్కువ.

వెంట్రుక కన్నా సన్నని తప్పు

అంతరిక్షంలో ఆ మాత్రం సడలింపు కూడా ఉండదు. 1990లో పంపిన హబుల్ టెలిస్కోపు అద్దం అంచు ఉండాల్సినదానికన్నా 2.2 మైక్రాన్లు ఎక్కువ చదునైంది. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా లేదు. అయినా బొమ్మలు మసకబారాయి. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు జరిగి ఉండటమే కారణం. 1993లో వ్యోమగాములు వెళ్లి సరిచేయాల్సి వచ్చింది.

హబుల్ చూసే దూరాలకు కిలోమీటర్లు చాలవు. అక్కడ కాంతి సంవత్సరాలే. ఒక్కో కాంతి సంవత్సరం దాదాపు తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లు. కిలోమీటరు ముందు నానోమీటరు ఎంత చిన్నదో, కాంతి సంవత్సరం ముందు కిలోమీటరు అంతకన్నా తొమ్మిదిన్నర రెట్లు చిన్నది!