కరెంటు బండికి సెన్సార్ ఉండాలా, అక్కర్లేదా?

రైల్వే గేటు తీశారు. వెనక ఆటోవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. నేను నా కరెంటు స్కూటర్ యాక్సిలరేటర్ తిప్పాను. బండి ముందుకు పోలేదు సరికదా, గడగడా వణికింది. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త వణికి, పట్టాల వైపు ఎక్కే ఆ చిన్న ఎత్తు మీంచి వెనక్కి జారింది. రెండు కాళ్లూ నేలకి ఆనించి, బ్రేకు గట్టిగా పట్టుకుని ఎలాగో నిలదొక్కుకున్నాను. ముందు పెట్టుకున్న బియ్యం బస్తా పక్కకి ఒరిగిపోయింది. వెనక ఆటో అబ్బాయి సమయానికి ఆగాడు కాబట్టి సరిపోయింది!

ఇంతకీ జరిగిందేమిటంటే, అంతకు వారం ముందు బండి మొరాయిస్తే రిపేరుకి ఇచ్చాను. "మోటారులో సెన్సార్ పోయిందమ్మా. అది మార్చాలంటే చక్రం మొత్తం విప్పాలి. సెన్సార్ అక్కర్లేని కంట్రోలర్ వేసేస్తాను, ఖర్చు కలిసొస్తుంది" అన్నాడు మెకానిక్. ఖర్చు కలిసొస్తుందంటే మనం కాదంటామా? సరేనన్నాను. అరకిలో వంకాయలు కొంటే పుచ్చులున్నాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూసే నేను, రోజూ ఎక్కే బండి విషయంలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ తర్వాత నలుగురినీ అడిగి తెలుసుకున్న సంగతులే ఇవి. మీకూ ఉపయోగపడతాయని రాస్తున్నాను.

అసలు కంట్రోలర్ అంటే?

బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఉండే చిన్న రేకు పెట్టె అది. మన బళ్లలో చాలావాటికి మోటారు వెనక చక్రం మధ్యలోనే ఉంటుంది. చక్రంతోపాటు అయస్కాంతాలు తిరుగుతాయి. లోపల రాగి తీగ చుట్లు కదలకుండా ఉంటాయి. అయస్కాంతం ఎక్కడుందో చూసుకుని, దానికి తగ్గ చుట్టకి వరసగా కరెంటు ఇవ్వడం కంట్రోలర్ పని. వరస తప్పిందా, చక్రం తిరగడం మాని కొట్టుకుంటుంది.

మరి అయస్కాంతం ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? ఇందుకు రెండు దారులున్నాయి.

మొదటిది సెన్సార్ ఉన్న పద్ధతి. మోటారు లోపల గోరంత ఉండే మూడు హాల్ సెన్సార్లు పెడతారు. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ కనిపెట్టిన సూత్రం మీద పనిచేస్తాయి కాబట్టి ఆ పేరు. బండి ఆగి ఉన్నా సరే, అయస్కాంతం ఎక్కడుందో ఇవి చెబుతూనే ఉంటాయి.

రెండోది సెన్సార్ లేని పద్ధతి. చక్రం తిరిగేటప్పుడు, సైకిల్ డైనమోలో లాగా, ఆ తీగ చుట్లలోనే కొంచెం కరెంటు పుడుతుంది. దాన్నిబట్టి కంట్రోలర్ లెక్క కట్టుకుంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆగి ఉన్న చక్రంలో ఏమీ పుట్టదు. అందుకని మొదట ఊహించి ఒక తోపు తోస్తుంది. ఊహ తప్పితే మళ్లీ తోస్తుంది. నా బండి వణుకు అదే!

చీకట్లో తిరగలి తిప్పడం గుర్తు తెచ్చుకోండి. తిరుగుతున్నంతసేపూ పిడి ఎక్కడుందో చేతికి తెలుస్తూనే ఉంటుంది. ఆపి, చెయ్యి తీసి, మళ్లీ మొదలుపెట్టాలంటే తడుముకోవాలి.

ఫ్యానుకి లేని బాధ బండికెందుకు?

కరెంటు తక్కువ తాగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయగానే కొన్ని ఒక్కసారి అటూ ఇటూ ఊగి, తర్వాత తిరగడం చూసే ఉంటారు. వాటిలో చాలావాటికి సెన్సార్ ఉండదు. అయినా ఫరవాలేదు. ఫ్యాను మోసే బరువు ఎప్పుడూ ఒక్కటే. మన బండి అలా కాదు. ఒకరోజు ఖాళీ, ఒకరోజు పిల్లాడు, ఒకరోజు పాతిక కిలోల బియ్యం. పైగా లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని బళ్ల మోటారు 250 వాట్ల లోపే ఉండాలి, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. ఉన్న శక్తే కొంచెం. అది మొదట్లో తడబడితే బరువుని ఎత్తు ఎలా ఎక్కిస్తుంది? వణుకుతున్నప్పుడు ఇంకా ఇంకా తిప్పితే కంట్రోలరూ మోటారూ వేడెక్కుతాయి కూడా.

ఎవరికి ఏది?

తొక్కే పెడళ్లున్న కరెంటు సైకిలైతే, రెండు తొక్కులు తొక్కాకే మోటారు వాడుకునే అలవాటుంటే, సెన్సార్ లేనిది హాయిగా సరిపోతుంది. వైర్లు తక్కువ, లోపల పాడయ్యే వస్తువులూ తక్కువ.

పెడళ్లు లేని స్కూటరుకీ, అడుగడుగునా ఆగి కదిలే బజారు దారికీ, ఫ్లైఓవర్లకీ, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపుకీ, వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకునేవాళ్లకీ సెన్సార్ ఉన్నదే మేలు.

రెండూ కలిసినవీ దొరుకుతాయి. సెన్సార్ బాగున్నంతకాలం దానితో నడిచి, అది పాడైతే సెన్సార్ లేకుండా నడిచేవి. దారి మధ్యలో ఆగిపోకుండా ఇల్లు చేరుస్తాయి. నేను చివరికి సెన్సార్లు మార్పించి, ఈ రకం కంట్రోలర్ వేయించుకున్నాను. సెన్సార్ ఖరీదు కొంచెమే, చక్రం విప్పి బిగించే కూలీయే ఎక్కువ. మొదటే ఆ పని చేయిస్తే ఒక కంట్రోలర్ డబ్బులు మిగిలేవి!

మెకానిక్‌ని ఇవి అడగండి

* సెన్సార్ పోయిందని ఎలా తెలిసింది? కంట్రోలర్ ఆన్‌లో ఉంచి, చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ మూడు సెన్సార్ వైర్లనీ మీటరుతో చూడమనండి. ఒక్కొక్కటీ సున్నాకీ 5 వోల్టులకీ మధ్య మారుతూ ఉండాలి. మారకపోతే ముందు వైరూ, కనెక్టరూ చూడమనండి. ఒక్కోసారి లోపమంతా అక్కడే ఉంటుంది.

* "సెన్సార్ ఉంది" అంటే ఏ సెన్సార్? కరెంటు సైకిళ్లలో పెడల్ దగ్గర వేరే సెన్సార్ ఉంటుంది. అది మీరు తొక్కుతున్నారా లేదా అని మాత్రమే చూస్తుంది. మోటారులో ఉన్నదా అని విడిగా అడగండి.

* కొత్త కంట్రోలర్ వోల్టేజి మన బ్యాటరీకీ, ఆంపియర్లు మన మోటారుకీ సరిపోతాయా?

* గ్యారంటీ ఉందా? ఉంటే బయట విప్పించకుండా కంపెనీ సర్వీసుకే ఇవ్వండి.

బండి తీసుకునే ముందు ఖాళీగా కాదు, రోజూ వేసుకునే బరువుతో, చిన్న ఎత్తు మీద ఆపి, మళ్లీ కదిలించి చూడండి. వెనక ఎవరూ లేని చోట సుమా! కుదుపు లేకుండా కదిలితేనే డబ్బులివ్వండి.

ఇంట్లో జాగ్రత్తలు

చక్రం ఇరుసు దగ్గర పైపు పెట్టి నీళ్లు కొట్టకండి, తడిబట్టతో తుడవండి. అక్కడి వైరు కొంచెం కిందికి వేలాడి, తర్వాత పైకి వెళ్లేలా ఉంచితే వాననీరు లోపలికి పోకుండా కారిపోతుంది. బండి చేత్తో నెట్టేటప్పుడు తాళం ఆపేయండి. కదిలేటప్పుడు వణుకు మొదలైతే వెంటనే యాక్సిలరేటర్ వదిలేసి, దిగి, పక్కకి నడిపించుకు వెళ్లండి.

ఇప్పుడూ అదే రైల్వే గేటు దగ్గర ఆగుతుంటాను. గేటు తీయగానే బండి వణక్కుండా కదులుతుంది. అయినా ఆ ఆటో అబ్బాయి ఎప్పుడైనా వెనక కనిపిస్తే, ముందు అతన్నే వెళ్లమంటాను!