నిజాం రూపాయి అరుదో కాదో తేల్చేదెవరు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పాత ఇళ్లలో చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఇప్పటికీ కనిపిస్తుంది. కొన్ని పెట్టెల అడుగున మూటగట్టి ఉన్నాయి, కొన్ని తండాల్లో లంబాడీ స్త్రీల నగల్లోకి చేరాయి. వీటిని ఇన్నాళ్లూ వెండి బరువును బట్టే కొన్నారు, అమ్మారు. ఇప్పుడు కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసిన నాణెం ఫోటో పెట్టి, ‘ఈ రకం ప్రపంచంలో రెండే ఉన్నాయి, గ్రేడింగ్ సంస్థ లెక్కలోనే ఉంది’ అని ధర చెబుతున్నారు. ఆ లెక్క పేరు పాపులేషన్ రిపోర్టు. అది అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది ఒకటి, మనం వినేది మరొకటి. హైదరాబాద్ సంస్థానపు నాణేల విషయంలో ఈ తేడా మామూలుగా ఉండేదానికన్నా చాలా ఎక్కువ.

ముందుగా ఆ లెక్క ఎలా తయారవుతుందో చూద్దాం. అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో నాణేల గ్రేడింగ్ సంస్థలుగా మొదలయ్యాయి. రుసుము కట్టి నాణెం పంపితే వాళ్లు అసలుదో నకిలీదో చూస్తారు, అరుగుదలను బట్టి 1 నుంచి 70 దాకా ఒక అంకె ఇస్తారు, వరస సంఖ్య వేసి సీలు చేస్తారు. ఈ 70 మెట్ల కొలమానం విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం వేసుకున్నది. తరవాత అన్ని దేశాల నాణేలకూ పాకింది. ఇలా సీలు చేసిన ప్రతి నాణేన్నీ రకం, సంవత్సరం, గ్రేడు వారీగా పట్టికలో కలుపుతూ పోతారు. ఆ పట్టికే పాపులేషన్ రిపోర్టు. ఎన్‌జీసీ దాన్ని సెన్సస్ అంటుంది. మన చేతిలోని నాణెం పట్టికలో ఏ గడిలో పడుతుందన్నది మాత్రం పైకి కనిపించేంత సులువైన విషయం కాదు.

టంకశాలలో నాణెం మీద బొమ్మ, అక్షరాలు దించే ఉక్కు అచ్చును డై అంటారు. ఒక అచ్చు అరిగితే ఇంకోటి వస్తుంది. కొత్త అచ్చులో అంకె కాస్త పక్కకు జరగవచ్చు, పాత సంవత్సరం మీద కొత్త సంవత్సరం దిద్ది ఉండవచ్చు, గీత రెండుగా పడవచ్చు. ఇలా అచ్చులోనే ఉండి, దానితో కొట్టిన ప్రతి నాణెం మీదా కనిపించే తేడాను సేకర్తలు డై వెరైటీ అంటారు. 1955 నాటి అమెరికా సెంటుపై అక్షరాలు, అంకెలు జంటగా పడిన రకం దీనికి పేరుమోసిన ఉదాహరణ. ఇలాంటి వెరైటీ పట్టికలో విడిగా కనిపించాలంటే మూడు జరగాలి. ఆ తేడాను ఏదో ఒక కేటలాగు ముందే గుర్తించి ఉండాలి. సంస్థ దానికి విడి సంఖ్య కేటాయించాలి. చాలా సందర్భాల్లో నాణెం పంపినవాడు ఆ తేడాను చూపి, వెరైటీ పేరు రాయమని అదనపు రుసుము కట్టాలి. ఏ ఒక్కటి జరగకపోయినా నాణెం మామూలు గడిలోకి పోతుంది. వెరైటీని ఈ ఏడాది గుర్తించారనుకోండి, పదేళ్ల కిందట సీలైన అదే రకం నాణేలు ఎవరో మళ్లీ పంపేదాకా పాత గడిలోనే ఉండిపోతాయి. అందుకే వెరైటీ గడిలో ‘2’ అని ఉంటే ఆ రెండింటినీ ఎవరో గుర్తుపట్టి, డబ్బు కట్టి పేరు రాయించుకున్నారనే అర్థం. మిగతావి లేవని కాదు.

ఇక నిజాం రూపాయి దగ్గరకు వద్దాం. హైదరాబాద్ సంస్థానపు సొంత నాణెం హాలీ సిక్కా మీద చార్మినార్ బొమ్మ హిజ్రీ 1321లో, అంటే 1903-04లో వచ్చింది. రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. చార్మినార్ నడిమి ద్వారంలో పాలకుడి పేరులోని మొదటి అక్షరం ఉంటుంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై ‘మీమ్’. 1911 ఆగస్టులో ఆయన మరణించాక గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై ‘ఐన్’. ఉస్మాన్ తొలినాళ్ల రూపాయిలపై ఈ ఐన్ పొట్టిగా ఉంటుంది, ఆ తరవాతి వాటిపై పూర్తి రూపంలో ఉంటుంది. కేటలాగులు ఈ రెండింటినీ వేరు చేశాయి కాబట్టి గ్రేడింగ్ సంస్థలూ వేరుగా లెక్కించే వీలుంది. నాణెం మీద హిజ్రీ సంవత్సరంతో పాటు పాలనా సంవత్సరం కూడా ఉంటుంది. పాలనా సంవత్సరం హిజ్రీ ఏడాది మధ్యలో మారుతుంది గనక ఒకే హిజ్రీ ఏడాదికి రెండు జోడీలు పుడతాయి. ఉర్దూ లిపి చదవలేని అమ్మకందారు పంపిన నాణెం ఏ గడిలో చేరుతుందో ఊహించుకోవచ్చు. ద్వారంలోని అక్షరం ఒకటి రెండు మిల్లీమీటర్ల సంగతి. అరిగిన నాణెం మీద అది పొట్టి ఐనో నిండు ఐనో చెప్పడం అలవాటున్న కంటికే కష్టం.

అసలు చిక్కు చట్టం దగ్గర ఉంది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పీసీజీఎస్ ప్రధాన కార్యాలయం కాలిఫోర్నియాలో, ఎన్‌జీసీది ఫ్లోరిడాలో. మహబూబ్ నాణేలన్నీ, ఉస్మాన్ పొట్టి ఐన్ రూపాయిలన్నీ నూరేళ్లు దాటినవే. కాబట్టి ఈ నాణేలు ఎక్కువగా ఉన్న నేల నుంచి ఆ కార్యాలయాలకు చట్టబద్ధమైన దారి లేదు. పట్టికకెక్కేవి ప్రధానంగా ఎప్పుడో విదేశాలకు చేరినవి. గోదావరి ఇవతల ఒడ్డున ఉన్న నాణేలను లెక్కపెట్టకుండా వాటి అరుదుదనం తేల్చడమెలా? పైగా మన దగ్గరి నాణేల్లో చాలావాటికి నగ కోసం కొక్కెం అతికించారు, కొన్నింటికి బెజ్జం వేశారు, చింతపండుతో తోమారు. ఇలాంటివాటికి ఆ సంస్థలు మామూలుగా 70 మెట్ల అంకె ఇవ్వవు, దెబ్బతిన్నదని రాస్తాయి. నగల్లో కలిసిన నాణేలే ఎక్కువగా మిగిలిన ఊళ్లో ఆ పట్టిక ఇంకా పలచబడుతుంది.

‘ఏ లెక్కా లేకపోవడం కన్నా ఇది నయం కదా’ అని ఒక వాదన. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. నకిలీ రూపాయిలు తిరుగుతున్న బజారులో అనుభవజ్ఞులు చూసి, ఫోటో తీసి, సంఖ్య వేసిన నాణెం మేలే. ఎక్కువగా పంపే అమెరికా నాణేల విషయంలో గడికీ గడికీ పోలిక చూసుకుంటే ఏది అరుదో అంచనా దొరుకుతుంది. కానీ అక్కడ కూడా పెద్ద గ్రేడు కోసం సీలు పగలగొట్టి మళ్లీ మళ్లీ పంపేవారి వల్ల ఒకే నాణెం రెండు మూడుసార్లు లెక్కకెక్కుతుంది. కాబట్టి ఆ అంకెను కనీస సంఖ్యగా కూడా గట్టిగా తీసుకోలేం. ‘ధర నిర్ణయించేది బజారు, బజారు ఆ అంకెనే నమ్ముతుంది’ అన్నది ఇంకో వాదన. బజారు నమ్మకం మారడానికి ఒక మూట బయటపడితే చాలు. రెండే ఉన్నాయని కొన్నవాడు ఆ రోజు ఎవరిని అడగాలి?

మరో రకం లెక్క ఉంది, అది చరిత్రకారులది. జనగామకు పొరుగునున్న సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024 మార్చిలో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ దొరికింది. అందులో 3,730 సీసపు నాణేలు, ఒక్కోటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలానివని నిపుణులు చెప్పారు. అన్నీ ఒకే బొమ్మ కాబట్టి గ్రేడింగ్ పట్టికలో వాటికి ఒక్క గడి చాలు. చరిత్రకారుడు అలా వదలడు. ఏ నాణెం ఏ అచ్చు నుంచి పుట్టిందో ఒక్కొక్కటిగా పోల్చి చూస్తాడు. నూరు నాణేలు పరిశీలిస్తే ఎక్కువ అచ్చులు ఒక్కొక్కసారే కనబడ్డాయనుకుందాం, అప్పుడు మనం చూడని అచ్చులు ఇంకా ఎన్నో ఉన్నాయన్నమాట. అవే అచ్చులు మళ్లీ మళ్లీ వస్తుంటే, ఉన్నవాటిలో చాలావరకు చూసేశామన్నమాట. ఈ తర్కంతో అప్పటి టంకశాల ఎంత పెద్ద ఎత్తున పనిచేసిందో అంచనా కడతారు. నాణెం ఎక్కడ, ఎంత లోతున, దేనితో పాటు దొరికిందో రాసి ఉంటేనే ఇదంతా సాధ్యం. సీలు వేసిన పెట్టె మీద ఊరి పేరు ఉండదు.

అలాంటి నమోదు మన జిల్లాల్లో కావాలి. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడి ఊరంతా గుమిగూడింది. రేపు అలాంటి బిందెలో నాణేలే ఉండవచ్చు. నమోదు మొదలైతే గుప్తనిధుల వేటగాళ్లకు దారి చూపినట్టవుతుందని భయపడేవారున్నారు. ఆ భయం తీసిపారేసేది కాదు. అందుకే ప్రజలకు చూపేటప్పుడు గ్రామం పేరు దాకా చాలు, సరిగ్గా ఎక్కడన్నది శాఖ దగ్గరే ఉంచవచ్చు. వేటగాడికి మేలు చేసేది రాసిన లెక్క కాదు. ఎక్కడిదో తెలియని నాణేన్ని ఎవరైనా నిశ్చింతగా అమ్ముకోగలగడమే వాడి బలం.

వారసత్వ శాఖకు ఒక విన్నపం: ఫణిగిరి కుండలోని ప్రతి నాణేనికీ రెండు వైపుల ఫోటో, బరువు అందరికీ అందుబాటులో పెట్టండి, హాలీ సిక్కాలకూ అదే పద్ధతి మొదలుపెట్టండి. ఇంట్లో చార్మినార్ రూపాయి ఉన్నవారికి మరొకటి: తోమకండి, కొక్కెం ఊడదీయకండి. ద్వారంలోని అక్షరం స్పష్టంగా కనబడేలా ఫోటో తీసి, అది మీ ఇంటికి ఎలా వచ్చిందో పెద్దలను అడిగి రాసిపెట్టండి. ‘ప్రపంచంలో రెండే’ అంటూ ఎవరైనా ధర చెబితే, ఆ రెండు ఎవరి లెక్కలోవో అడిగి తెలుసుకున్నాకే చేయి చాపండి.