సంతకం తర్వాత

ఐర్లాండ్ అనగానే మనకు బాంబులు గుర్తొస్తాయి. నాకు మాత్రం కాగితాలు గుర్తొస్తాయి.

1921 డిసెంబర్ 6న ఐరిష్ నేత మైకేల్ కాలిన్స్ బృందం లండన్‌లో బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుంది. దేశం దక్కింది గానీ ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్ చేతిలోనే ఉండిపోయాయి. డబ్లిన్‌లోని ఐర్లాండ్ పార్లమెంటు 64–57 ఓట్లతో సరేనంది. తేడా ఏడు ఓట్లు. ఆ తర్వాత అంతర్యుద్ధం. 1922 ఆగస్టు 22న కాలిన్స్‌ను కాల్చి చంపింది బ్రిటిష్ వాళ్లు కాదు, నిన్నటిదాకా తనతో కలిసి పోరాడిన వర్గమే.

మనకూ ఒక కాగితం ఉంది. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో, ఆ ఇంటి పేరుతోనే, శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది. సంతకం పెట్టినవాళ్లలో హిందూపురం వైపు నేత కల్లూరు సుబ్బారావు, అనంతపురం పప్పూరు రామాచార్యులు ఉన్నారు. ఆంధ్ర రాష్ట్రం వస్తే మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తుందేమోనని రాయలసీమ జంకింది. అందుకే తుంగభద్ర, కృష్ణా, పెన్నా నీళ్లలో పదేళ్లపాటు సీమకే ముందు వరస అన్నారు. రాజధాని, హైకోర్టులలో ఏది కావాలో కోరుకునే హక్కూ సీమకే ఇచ్చారు.

1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబర్ 1న ఆ రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది. మూడేళ్ల ముచ్చట!

ఎందుకిలా? ఆ కాగితం మీద జనం ఓటు లేదు. మాట తప్పితే ఎవరిని నిలదీయాలో అందులో రాయలేదు. అది పెద్దల మాట, అంతే. 1956లో తెలంగాణతోనూ పెద్దమనుషుల ఒప్పందమే చేసుకున్నాం, అలవాటు పోలేదు.

ఐర్లాండ్ వాళ్లకు దెబ్బ తగిలి బుద్ధొచ్చింది. ఆ ఆరు కౌంటీల్లో సాగిన హింసను ఆపేందుకు 1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదరగానే మే 22న సరిహద్దుకు రెండువైపులా ఓటుకు పెట్టారు. ఉత్తరాన 71 శాతం అవునన్నారు. దాన్ని చట్టంలోకి ఎక్కించారు, బ్రిటన్‌తో ఉండాలనేవాళ్లూ ఐర్లాండ్‌తో కలవాలనేవాళ్లూ కలిసే ప్రభుత్వం నడపాలన్నారు. ఆ ప్రభుత్వం చాలాసార్లు కూలింది. కూలినా ఆ పాత హింస మళ్లీ అదే స్థాయిలో మొదలవలేదు.

ఇక్కడ తుపాకులు పేలలేదు కాబట్టి ఎవరికీ తొందర పుట్టలేదు. సీమ మనిషి కోపమొస్తే బెంగళూరు బండి ఎక్కాడు, అంతే.

పెనుకొండ దగ్గర గొల్లపల్లి జలాశయం కట్ట మీద నిలబడండి. కనిపించేది హంద్రీ-నీవా కాలువలో మల్యాల నుంచి మెట్టుమెట్టుగా మోటార్లతో తోడి తెచ్చిన కృష్ణా నీరు. పక్కనే ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ. దాని దాహమూ ఈ నీటితోనే తీరుతుంది. శ్రీబాగ్ నాటి మాట కొంతైనా ఇలా కళ్లపడింది. కానీ హంద్రీ-నీవాకు అనుకున్న 40 టీఎంసీలు వరద నీటి మీద వేసిన లెక్క. కృష్ణకు వరద రాని ఏడు ఆ కాలువకు ధీమా లేదు.